మన సరిహద్దు ఊళ్ల టెక్ ఆడవాళ్లు: ఆమె చేసిన పనేమిటో రాయండి

బరంపురం పట్టు · ఆదివారం, రాత్రి 9:10

అందరికీ నమస్కారం. ఏటా అక్టోబరు రెండో మంగళవారం అడా లవ్‌లేస్ డే. సైన్సు, టెక్నాలజీ పనుల్లో ఉన్న ఆడవాళ్లను తలుచుకునే రోజు. 2009లో మొదలైంది. 1843లో, కంప్యూటర్ అనేది ఇంకా పుట్టని కాలంలో, యంత్రం చేత లెక్క ఎలా వేయించాలో అంచెలంచెలుగా రాసిపెట్టిన ఆవిడ పేరు మీద పెట్టారు.

ఇలాంటి రోజు వచ్చిందంటే మా ఆఫీసు గ్రూపు నిండా పూలబొమ్మల కార్డులే. "ఇల్లూ ఆఫీసూ రెండూ చక్కబెట్టే మహిళలకు వందనం" అని రాసి ఉంటుంది. నేను పదిహేడేళ్లుగా సాఫ్ట్‌వేర్ టెస్టింగులో ఉన్నాను. పన్నెండేళ్లు హైదరాబాదులో, తర్వాత ఇక్కడ మా ఇంటి మేడ మీద గదిలో. ఇన్నేళ్లలో వచ్చిన ఏ కార్డులోనూ మేం చేసిన పని గురించి ఒక్క ముక్క చూడలేదు.

అందుకే అడుగుతున్నాను. ఒడిశాలో ఆంధ్రా సరిహద్దు జిల్లాలు గంజాం, గజపతి, రాయగడ, కొరాపుట్ వైపు మీకు తెలిసిన ఆడమనిషి ఎవరైనా టెక్ పనిలో ఉంటే, ఆవిడ చేసిన ఒక్క పని రాయండి. ఓపిక, త్యాగం, సహనం గురించి వద్దు. పని గురించి రాయండి. ఆవిడకి ఎవరైనా సాయం చేసి ఉంటే ఏం చేశారో అది కూడా రాయండి. పేర్లు మాత్రం వద్దు.

నాతోనే మొదలుపెడతాను. ఒక బ్యాంకు ప్రాజెక్టులో ఖాతాదారులకు ఒడియాలో, తెలుగులో మెసేజ్‌లు వెళ్లాలి. ఇంగ్లీషులో అయితే ఒక ఎస్సెమ్మెస్‌లో 160 అక్షరాలు పడతాయి. మన లిపిలో 70 మాత్రమే. పైగా వత్తూ గుణింతమూ విడివిడిగా లెక్కకొస్తాయి. "స్త్రీ" అన్నది కంటికి ఒక్క అక్షరం, ఫోను లెక్కలో ఆరు. 70 దాటితే మెసేజ్ రెండు ముక్కలవుతుంది. మా మెసేజ్ ఏమో "గౌరవనీయులైన ఖాతాదారు గారికి నమస్కారం" అని మొదలయ్యేది. ఎంత డబ్బు తీశారన్నది రెండో ముక్కలో ఉండేది. అమ్మ దగ్గరున్న పాత కీప్యాడ్ ఫోనుకి పంపి చూశాను. మొదటి ముక్క వచ్చింది, రెండోది నలభై నిమిషాల తర్వాత వచ్చింది. ఖాతాలో డబ్బు పోయిన మనిషికి ఆ నలభై నిమిషాలూ నమస్కారమే కనిపిస్తుంది.

ఆ ఫోను ఆఫీసుకి పట్టుకెళ్లి మీటింగ్ బల్ల మీద పెట్టాను. ఒప్పించడానికి వారం పట్టింది. చివరికి మర్యాద మాటలు తీసేసి, ఎంత డబ్బు తీశారన్నది ముందు పెట్టి, ఖాతా చివరి నాలుగంకెలు దాని పక్కన పెట్టారు. నేను చేసిన పనుల్లో నాకు బాగా ఇష్టమైనది అదే.

సాయం సంగతి. మొదటిసారి ఫలక్‌నుమా రైల్లో హైదరాబాదు వెళ్లినప్పుడు మా పెద్ద మామయ్య వెంట వచ్చాడు. హాస్టల్ గదికి కొత్త తాళం కొన్నాడు. రెండు రోజులు నాతో పాటు ఆఫీసు దాకా బస్సెక్కి, నంబర్లన్నీ కాగితం మీద రాసిచ్చాడు. మూడో రోజు "ఇక నువ్వు చూసుకో అమ్మా" అని రైలెక్కేశాడు. ఆ కాగితం ఇప్పటికీ నా దగ్గరుంది.

---

మహేంద్రగిరి · ఆదివారం, రాత్రి 10:25

పర్లాకిమిడి నుంచి రాస్తున్నాను అక్కా. మా వదిన గురించి చెప్తాను. ఆఫీసులో కూర్చునే పని కాదు, ఫైబర్ కేబుల్ అతికే పని. ఇది కూడా లెక్కలోకి వస్తుంది కదా?

2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. మా జిల్లాలో చెట్లన్నీ రోడ్ల మీదే. కరెంటు లేదు, ఫోను లేదు. ఆర్. ఉదయగిరి వైపు కేబుల్ నాలుగైదు చోట్ల తెగింది. వదిన ఐటీఐ చదివి ఒక కాంట్రాక్టరు దగ్గర స్ప్లైసింగ్ చేసేది. అన్నయ్య ఊళ్లో లేడు, తోడు నేను వెళ్లాను, అందుకని కళ్లారా చూశాను.

ఆ కేబుల్ లోపల ఉండేది గాజు పోగులు. ఒక్కో పోగు మందం 125 మైక్రాన్లు, ఇంచుమించు తలవెంట్రుకంత. వెలుగు నడిచే దారి అందులో 9 మైక్రాన్లే. పై పూత వొలవాలి, స్పిరిట్‌తో తుడవాలి, కొస నిటారుగా కోయాలి. తర్వాత రెండు కొసలూ మిషన్లో ఎదురెదురుగా పెడితే చిన్న మెరుపు మెరిసి కరిగి అతుక్కుంటాయి. దుమ్ము పడినా తేమ తగిలినా అతుకు పాడవుతుంది. ఆ రోజు వాన విడవలేదు. జీపు వెనక టార్పాలిన్ కట్టి, లోపల తువ్వాలు పరుచుకుని కూర్చుంది. రెండు గొట్టాల్లో పన్నెండేసి పోగులు. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు... ఆ రంగుల వరస ఆవిడ నోట్లో పిల్లల పద్యంలా తిరిగేది. నేను టార్చి పట్టుకున్నాను. నా చెయ్యి వణికింది గాని ఆవిడ చెయ్యి వణకలేదు. ఇరవైనాలుగులో మూడు అతుకులు మిషన్ బాగాలేవంది. కోసేసి మళ్లీ చేసింది. రాత్రి తొమ్మిదికి అవతలి నుంచి లింక్ వచ్చిందని కబురొచ్చింది.

ఇంకో మాట కూడా చెప్పాలి. ఆ కాంట్రాక్టరు ఇచ్చిన సేఫ్టీ బూట్లు మగవాళ్ల సైజులే. ముందు గుడ్డలు కూరుకుని వేసుకునేది. సైటులో బాత్రూం లేక రోజంతా నీళ్లు తాగేది కాదు. మూడుసార్లు అడిగితే మరుసటి ఏడు ఐదో నంబరు బూట్లు వచ్చాయి. పెట్టె విప్పిన రోజు ఇంట్లో నేల మీద వేసుకుని నడిచి చూసుకుంది.

---

బరంపురం పట్టు · ఆదివారం, రాత్రి 10:40

ముమ్మాటికీ వస్తుంది తమ్ముడూ. ఆవిడ అతికిన పోగు మీదే మా మెసేజ్‌లు నడిచేది. బూట్ల సంగతి రాసినందుకు నీకు ప్రత్యేకంగా థాంక్స్. ఆ రంగుల వరస మొత్తం వదినని అడిగి రాయవూ, నేర్చుకుంటాను.

---

ఇచ్ఛాపురం కుర్రాడు · సోమవారం, ఉదయం 7:50

బోర్డరుకి ఇవతల ఉన్నా మా చుట్టాలంతా బరంపురంలోనే, అందుకని రాస్తున్నాను. తప్పుగా అనుకోవద్దు. పని బాగుంటే బాగుందనాలి, అందులో ఆడా మగా ఏముంది? మా టీములో ఇద్దరమ్మాయిలున్నారు. "మమ్మల్ని విడిగా పొగిడితే ఇబ్బందిగా ఉంటుంది, కోటాలో వచ్చినట్టు చూస్తారు" అని వాళ్లే నాతో అన్నారు. వాళ్ల మాట కూడా ఆలోచించాలి కదా.

---

బరంపురం పట్టు · సోమవారం, ఉదయం 8:30

ఆలోచించాల్సిందే. వాళ్ల ఇబ్బంది నిజమే, నేనూ పడ్డాను. ఆడపిల్ల అయినందుకు పొగిడితే ఇబ్బందే. ఏం చేసిందో చెప్పి పొగిడితే ఇబ్బంది ఉండదు. నేను కోరింది రెండోదే.

ఎనియాక్ అని అమెరికాలో తొలి ఎలక్ట్రానిక్ కంప్యూటర్లలో ఒకటి. దానికి ప్రోగ్రాములు చేసింది ఆరుగురు ఆడవాళ్లు. అప్పటికి ప్రోగ్రామింగుకు పుస్తకం లేదు, భాష లేదు. సర్క్యూట్ బొమ్మలు చదివి, వైర్లు పీకి పెట్టి, స్విచ్చులు తిప్పి లెక్క ఎక్కించేవాళ్లు. 1946 ఫిబ్రవరిలో దాన్ని లోకానికి చూపించారు. ఆ రోజు చూపించిన లెక్క సిద్ధం చేసింది వాళ్లే. ఆ రాత్రి విందుకు మాత్రం వాళ్లను పిలవలేదు. చాలా ఏళ్ల దాకా ఆ ఫొటోల్లో ఉన్నది ఎవరో కూడా ఎవరూ పట్టించుకోలేదు. పని అందరికీ కనిపించింది, చేసిన మనిషే కనిపించలేదు. విడిగా చెప్పడం అందుకే బాబూ.

---

కొరాపుట్ కాఫీ · సోమవారం, ఉదయం 9:05

తమ్ముడూ, నాది జయపురం. పిల్లాడు పుట్టాక ఆరేళ్లు ఉద్యోగం మానేశాను. తిరిగి ఇంటర్వ్యూలకు వెళ్తే ముగ్గురు అడిగిన మొదటి ప్రశ్న ఒకటే: "పిల్లాణ్ణి ఎవరు చూస్తారు?" మా ఆయన కూడా అదే నెలలో కంపెనీ మారారు. ఆయన్ని ఆ ప్రశ్న ఒక్కరూ అడగలేదు. నేను ఏం చేయగలనో అడిగింది నాలుగో కంపెనీలో. అక్కడే చేరాను. పనికి ఆడా మగా లేదన్న మాట నిజమే, ఆ పని దాకా వెళ్లే గుమ్మం దగ్గరే తేడా ఉంది.

నా పని చెప్తాను. మానేసినప్పుడు నేను చేత్తో చేసే టెస్టింగే చేసేదాన్ని. వెనక్కి వచ్చేసరికి అంతా ఆటోమేషన్. ఎన్‌పీటెల్ అనే వెబ్‌సైటులో ఐఐటీ వాళ్ల పాఠాలు ఉచితంగా వినొచ్చు, సర్టిఫికెట్ పరీక్షకే డబ్బు కట్టాలి. పైథాన్ అక్కడే మొదటి నుంచి నేర్చుకున్నాను. మా టీములో ప్రతి రిలీజుకీ రెండు రోజులు పట్టే చెకింగ్ ఉండేది, మూడు వందల పైచిలుకు అంశాలు. నాలుగు నెలల్లో దాన్ని స్క్రిప్టులోకి మార్చాను. ఇప్పుడు రాత్రి వదిలేసి పడుకుంటే పొద్దున్నకి రిపోర్టు ఉంటుంది.

సాయం మా అత్తగారిది. చదువుకునే రోజుల్లో మధ్యాహ్నం రెండు నుంచి నాలుగు దాకా పిల్లాణ్ణి కింద వాటాకి తీసుకెళ్లి మెట్ల దగ్గర తలుపు గడియ పెట్టేసేవారు. రెండు గంటలే, కానీ ఒక్క రోజు తప్పలేదు. చుట్టాలొచ్చినా "పిల్ల చదువుకుంటోంది" అని కిందే కూర్చోబెట్టేవారు. ముప్ఫైనాలుగేళ్ల కోడలిని "పిల్ల చదువుకుంటోంది" అన్నారావిడ.

---

ఇచ్ఛాపురం కుర్రాడు · సోమవారం, మధ్యాహ్నం 1:15

అర్థమైంది అక్కా. ఆ గుమ్మం సంగతి నాకు తట్టలేదు. మా టీములో ఇంటర్వ్యూలు నేనూ చేస్తాను. ఇక మీదట పక్కన కూర్చున్నవాళ్లు ఆ ప్రశ్న అడిగితే అక్కడే ఆపుతాను.

---

నాగావళి · సోమవారం, రాత్రి 8:45

నమస్కారం. నాది రాయగడలో కిరాణా కొట్టు. మా అమ్మాయి గుణుపూర్‌లో బీటెక్ పూర్తి చేసింది. బెంగుళూరులో ఒక కంపెనీ వాళ్లు ఉద్యోగం ఇచ్చారు, వచ్చే నెల చేరమన్నారు. మా చెల్లెలు "అంత దూరం ఎందుకు, బ్యాంకు పరీక్షలు రాయించు, ఈలోపు సంబంధం చూద్దాం" అంటోంది. మా ఆవిడకి భయం. అమ్మాయి మాత్రం ఏమీ అనదు, ఆఫర్ లెటర్ రోజూ తీసి చదువుకుంటుంది. పంపాలనే ఉంది గాని నాకు ఈ లోకం తెలీదు. ఏం అడగాలో, ఏం చూసుకోవాలో చెప్పండి.

---

వంశధార · సోమవారం, రాత్రి 9:20

గుణుపూర్‌లో పాఠం చెప్తాను నాగావళి గారూ, మీ అమ్మాయి మా విద్యార్థే అయి ఉండొచ్చు. పంపించండి.

మా దగ్గరికొచ్చే తెలుగు ఆడపిల్లలది ఒకటే కథ. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, కాలేజీలో ఇంగ్లీషు. ఇంటర్వ్యూలో నోరు పెగలదు. తెలివి లేదని వాళ్లకి వాళ్లే అనుకుంటారు. కోడ్ రాయమంటే మాత్రం బోర్డు నింపేస్తారు. అందుకని ఇప్పుడు రోజూ చివరి పదిహేను నిమిషాలు, రాసిన ప్రోగ్రాము ముందు ఏ భాషలో వస్తే ఆ భాషలో చెప్పమంటాను. తర్వాత అదే ఇంగ్లీషులో. మొదట అర్థం చక్కబడితే మాట దానంతటదే వస్తుంది.

చిన్న తరగతుల్లో ఆడపిల్లలున్నవాళ్లు ఇది గుర్తుపెట్టుకోండి. సాంకేతిక విద్య చూసే కేంద్ర మండలి ఏఐసీటీఈ వారి ప్రగతి స్కాలర్‌షిప్ ఆడపిల్లలకే. ఆ మండలి గుర్తింపు ఉన్న కాలేజీలో టెక్నికల్ డిగ్రీకి గాని డిప్లొమాకి గాని చేరితే ఏడాదికి 50,000 రూపాయలు. ఇంటి ఆదాయం ఏడాదికి 8 లక్షలు మించకూడదు, ఒక ఇంట్లో ఇద్దరమ్మాయిల దాకా ఇస్తారు. ఆదాయ ధ్రువపత్రం ముందే తీసి ఉంచుకోండి. చివరి వారంలో తహసీల్ ఆఫీసు చుట్టూ తిరిగి గడువు పోగొట్టుకున్నవాళ్లను ప్రతి ఏడూ చూస్తున్నాను.

---

రుషికుల్య · సోమవారం, రాత్రి 10:00

ఛత్రపూర్‌లో వకీలుని. అన్నయ్యగారూ, మీరు అడగాల్సినవి చెప్తాను.

చేరడానికి డిపాజిట్ డబ్బు అడిగితే చేరనక్కర్లేదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు చూపించి వెనక్కి తెచ్చుకోమనండి, దాచుకుంటామంటే ఇవ్వొద్దు. బాండ్, అంటే ఇన్నాళ్లు ఉద్యోగం మానకూడదన్న ఒప్పందం, ఉంటే సంతకానికి ముందు ఎవరికైనా చూపించండి, నాకు పంపినా చదివి చెప్తాను. నైట్ షిఫ్టు ఉందా, ఉంటే కారు ఇంటి గుమ్మం దాకా వస్తుందా అన్నది మాటతో సరిపెట్టుకోకుండా మెయిల్లో రాయించుకోమనండి.

పని చోట లైంగిక వేధింపులపై 2013లో చట్టం వచ్చింది. పది మంది గాని అంతకంటే ఎక్కువ గాని పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ ఉండాలి. దానికి అధ్యక్షత వహించేది ఆడమనిషే అయి ఉండాలి, సభ్యుల్లో సగానికి తగ్గకుండా ఆడవాళ్లుండాలి, బయటి మనిషి ఒకరుండాలి. జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి. పది మంది కంటే తక్కువ ఉన్న చోటైతే జిల్లా స్థాయిలో స్థానిక కమిటీ ఉంటుంది. చేరిన మొదటి వారంలోనే ఆ కమిటీలో ఎవరున్నారో అడిగి ఫోనులో రాసుకోమనండి. అవసరం పడ్డాక వెతుక్కోవడం కష్టం.

ప్రసూతి సెలవు 2017 సవరణతో మొదటి ఇద్దరు పిల్లలకు 12 వారాల నుంచి 26 వారాలైంది. యాభై మంది ఉన్న చోట పిల్లల్ని చూసే ఏర్పాటు ఉండాలి. ఇది మీ అమ్మాయికి ఇప్పుడే అక్కర్లేదు, చదువుతున్న మిగతావాళ్ల కోసం రాశాను.

---

కొరాపుట్ కాఫీ · సోమవారం, రాత్రి 10:20

ఒకటి నేను కలుపుతాను అన్నయ్యగారూ. జీతం నెల తిరిగాక గాని చేతికి రాదు. పీజీ హాస్టల్ అడ్వాన్సు, తిండి, బస్సు, ఆఫీసుకి రెండు జతల బట్టలు. అమ్మాయి అడిగేదాకా చూడకుండా రెండు నెలల ఖర్చు ముందే తన ఖాతాలో వేయండి. నేను మొదటి నెల మొహమాటానికి అడగలేక రాత్రి భోజనం మానేశాను. మా నాన్నకి ఇప్పటికీ తెలీదు.

---

గజపతి మాస్టారు · మంగళవారం, ఉదయం 6:15

పర్లాకిమిడిలో లెక్కల మాస్టారుగా రిటైరయ్యాను. ఇవాళ ఆ అడా లవ్‌లేస్ రోజే కాబట్టి ఒక మనవాళ్ల అమ్మాయి సంగతి రాస్తాను. ఈవిడ చరిత్రకెక్కిన మనిషి కాబట్టి పేరు చెప్పొచ్చు.

అయ్యలసోమయాజుల లలిత. 1919లో మద్రాసులో తెలుగు ఇంట్లో పుట్టారు. పదిహేనేళ్లకు పెళ్లి, పద్దెనిమిదేళ్లకు భర్త పోయారు, ఒళ్లో నెలల పిల్ల. ఆ రోజుల్లో మన ఇళ్లలో అలాంటి పిల్లను ఎలా ఉంచేవారో నా వయసు వాళ్లకు చెప్పక్కర్లేదు. ఆమె తండ్రి గిండీ ఇంజనీరింగ్ కాలేజీలో ప్రొఫెసరు. కూతుర్ని ఆ కాలేజీలోనే చేర్పించారు. 1943లో ఎలక్ట్రికల్ ఇంజనీరై బయటికొచ్చారు. మన దేశంలో మొదటి మహిళా ఇంజనీరుగా చెప్పేది ఆవిడనే. పట్టాల్లో "అతడు" అనే ముద్రించి ఉంటే దాన్ని కొట్టేసి "ఆమె" అని దిద్దాల్సొచ్చిందట.

మన అమ్మాయిగారు పని గురించి చెప్పమన్నారు. కలకత్తాలో ఒక పెద్ద కంపెనీలో చేరి, కరెంటు లైన్లకూ సబ్‌స్టేషన్లకూ డిజైన్లు గీశారు. భాక్రా నంగల్ ప్రాజెక్టు పనిలోనూ ఆవిడ చెయ్యి ఉంది. 1964లో న్యూయార్కులో మహిళా ఇంజనీర్ల మొదటి అంతర్జాతీయ సమావేశానికి వెళ్లారు.

మద్రాసు నుంచి కలకత్తా రైలు దారి మన బరంపురం మీదుగానే. నాగావళి గారూ, ఆమె తండ్రి ఆ కాలంలో పంపారు. చెల్లెమ్మకు ఈ ముక్క చదివి వినిపించండి.

---

నాగావళి · మంగళవారం, రాత్రి 9:30

వినిపించాను మాస్టారూ. నిన్న రాత్రి ఇవన్నీ కాగితం మీద రాసుకుని కంపెనీకి అమ్మాయి చేతే మెయిల్ పెట్టించాను. బాండ్ లేదు, పగటి డ్యూటీయే అని జవాబొచ్చింది. మా ఆవిడ కాసేపు ఏడ్చి, తర్వాత పచ్చడి సీసాలు కడగడం మొదలుపెట్టింది. నేను విజయనగరం దాకా వెళ్లి ప్రశాంతి రైలు ఎక్కుతాను, అమ్మాయితో పాటు. నాలుగు రోజులు కొట్టు మూసేస్తున్నాను. బస్సు నంబర్లు నేనూ రాసిస్తాను.

---

మహేంద్రగిరి · బుధవారం, ఉదయం 8:10

వదిన చెప్పింది రాస్తున్నాను. నీలం, నారింజ, ఆకుపచ్చ, గోధుమ, బూడిద, తెలుపు, ఎరుపు, నలుపు, పసుపు, ఊదా, గులాబీ, లేత నీలం. బూడిద, తెలుపు టార్చి వెలుగులో ఒకేలా కనిపిస్తాయి, జాగ్రత్త అని కూడా రాయమంది.

---

నాగావళి వాళ్లమ్మాయి · డిసెంబరు, శనివారం, సాయంత్రం 5:40

నమస్కారం. నాన్న ఈ చర్చ చూపించారు. నా తెలుగులో తప్పులుంటే క్షమించండి. బడిలో ఒడియా మీడియం, అక్షరాలు తాతయ్య పలక మీద నేర్పారు.

చేరి ఆరో వారం. పట్టు అక్క పని గురించే రాయమన్నారు కాబట్టి మొదటి పని రాస్తున్నాను. మా ప్రాజెక్టులో రిజిస్ట్రేషన్ ఫారం ఉంది. ఇంటిపేరు గడిలో ఒక్క అక్షరం వేస్తే "సరైన పేరు రాయండి" అని ఎర్రగా వస్తుంది. మన పేర్లకు ముందు ఇంటిపేరు ఒక్క అక్షరమేగా వేస్తాం, నా ఆధార్‌లో కూడా అంతే. టీములో అందరి పేర్లూ పెద్దవి, అందుకని ఎవరికీ తగల్లేదు. నా పేరుతో పరీక్షిస్తే మొదటి రోజే తగిలింది. అడగడానికి రెండు రోజులు మొహమాటపడ్డాను, తర్వాత స్క్రీన్ చూపించాను. "నువ్వే సరిచెయ్" అన్నారు. కనీసం రెండక్షరాలు అన్న షరతు ఒకటికి మార్చాను. దానికి ఐదు పరీక్షలు రాశాను. గురువారం రిలీజులో వెళ్లింది.

కమిటీలో ఎవరున్నారో కూడా రాసుకున్నాను రుషికుల్య మేడమ్.

అక్కా, ఒక డౌటు. ఒడియా, తెలుగు లిపుల్లో పేరు రాస్తే ఒక్కో వత్తూ విడిగా లెక్కకొస్తుందన్నారు కదా. మా ఫారంలో పేరుకి గరిష్ఠం ఇరవై. దానికీ పరీక్షలు రాయనా?

---

బరంపురం పట్టు · శనివారం, సాయంత్రం 6:05

రాయమ్మా, తప్పకుండా రాయి. లక్ష్మీనారాయణ, కృష్ణచంద్ర లాంటివి తీసుకో, వత్తులు ఎక్కువున్నవి. రెండు లిపుల్లో కలిపి నలభై పేర్ల జాబితా నా దగ్గరుంది, ఈ రాత్రికే పంపుతాను. ఇరవై చాలదని తేలితే మీ లీడ్‌కి ఎలా చూపించాలో రేపు ఫోన్‌లో మాట్లాడుకుందాం. ఉదయం పదికి ఖాళీయేనా?